కిషన్‌రావు ఇంటి గడప

మే 9

ఇసార్ పావతి, అదే ఇల్లు కొనే ఒప్పందం కాగితం, అయిపోయింది. కిషన్‌రావు సార్ సంతకం, మా ఆయన సంతకం, నా సంతకం. జూన్ 28 లోపు రజిస్ట్రీ చేసుకోకపోతే ముందుగా కట్టిన బయానా మాది కాదని అందులో ఒక వాక్యం ఉంది. అలాంటివి అందరూ రాసుకుంటారట. ఆ బయానాలో నా పుస్తెలతాడూ అత్తమ్మ కడియాలూ ఉన్నాయి కాబట్టి ఆ వాక్యం రెండోసారి చదవలేదు. కాగితం మడిచి బీరువాలో పెట్టేశాను.

కొత్త ఇంటి పేరుతో కొత్త డైరీ మొదలుపెట్టాను. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం ఎవరికీ రాదు. మా ఆయన సిద్ధార్థ్‌దీ, కూతురు కాజల్‌దీ మరాఠీ బడి. అత్తమ్మది ఏ బడీ కాదు. మంచిర్యాలలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నది నేనొక్కదాన్నే. కాబట్టి ఇందులో ఎవరినైనా హాయిగా తిట్టుకోవచ్చు. ఇవాళ తిట్టడానికి ఎవరూ దొరకలేదు, అదీ సంతోషమే.

సిరొంచ పాత బజార్‌లో ఆ టేకు దర్వాజ తెలియనివాళ్లు లేరు. మా అత్తమ్మ ఆగమ్మ ఎన్నో ఏళ్లు ఆ ఇంటి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, దొడ్లో పెండ ఎత్తింది. పని అయ్యాక గోడ పక్క సందులోంచి వెనక్కి వెళ్లి, దొడ్డి తలుపు దగ్గర పెట్టిన అన్నం తిని వచ్చేది. ముందు గడప దాటలేదు. మా వాడవాళ్లు ఎవరూ దాటలేదు.

ఇవాళ కిషన్‌రావు సార్ మమ్మల్ని లోపల కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. "కాలం మారింది టీచరమ్మా" అన్నాడు. "మారింది సార్" అన్నాను. అత్తమ్మ మాత్రం "లోపట ఉక్కపోస్తది, నేన్ గీడనే ఉంట" అని అరుగు మీదే కూర్చుంది. చాయ్ అక్కడికే వెళ్లింది.

రజిస్ట్రీ అయిన రోజు ఆమె చెయ్యి పట్టుకుని ఆ గడప దాటిస్తాను. కుడికాలు ముందు. ఇల్లు కొనడమంటే నాకు అదే.

మే 17

అద్దె గదుల ఓనరు పోచన్న మళ్లీ వచ్చాడు. బడులు తెరిచేలోపు ఖాళీ చేయాలట, కొడుకు పెళ్లి పెట్టుకున్నాడు. మేం సొంతింటికే పోతున్నామని నవ్వుతూ చెప్పాను. ఎంత గొప్పగా చెప్పానో నాకే ముద్దొచ్చింది.

మే 21

కాజల్‌ను తీసుకుని రేగుంటకు బయలుదేరుతున్నాం, చిన్నమ్మ కూతురి పెళ్లి. అత్తమ్మ మోకాళ్ల నొప్పులంది, రానంది.

మే 27

తిరిగి వచ్చేసరికి అత్తమ్మ మంచి చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. రెండు చేతులూ మణికట్టు దాకా పసుపు. "ఎవరింట్ల పెళ్లి అత్తమ్మా?" అంటే, "గదే, ఓ ఇంట్ల" అంది. మోకాళ్ల మాటే లేదు. ఏదో పాట కూడా సన్నగా పాడుకుంటోంది. పెళ్లి మేం చూసి వస్తే సంబరం ఈమెకు వచ్చినట్టుంది.

మే 29

చూసింది చూసినట్టు రాస్తాను.

పాత బజార్‌లోంచి వస్తూ మా ఇంటిని చూసుకుందామని ఆ వైపు తిరిగాను. దర్వాజ లేదు. తలుపులూ ద్వారబంధమూ గడపతో సహా పీకి తీసుకుపోయారు. అది ఉన్నచోట గోనెపట్టా వేలాడుతోంది. పైన మట్టిగోడ పడిపోకుండా రెండు కట్టెలు ఊతం పెట్టి ఉన్నాయి. వాటి పైనుంచి పెంకుల దాకా ఒక పగులు.

అక్కడే నిలబడి కిషన్‌రావుకు ఫోన్ చేశాను. ఆయన అప్పటికే సామానంతా తీసుకుని మంచిర్యాల ఫ్లాటుకు మారిపోయాడట.

"అది మా తాతలనాటిది టీచరమ్మా. మా ఇంటి లచ్చిమి. ఇల్లు అమ్మినం గని లచ్చిమిని గూడ అమ్ముతమా? మా దిక్కు ఎవ్వలైనా గడప తీస్కనే పోతరు."

"గోడ పగిలింది సార్."

"పాత గోడ గద, జర పగులుతది. పావతిల దర్వాజ అని యాడన్న రాసుకున్నమా?"

రాసుకోలేదు. ఇల్లు కొంటే దర్వాజ కూడా ఇస్తారా అని అడగాలని ఎవరికైనా తోస్తుందా?

చిన్న పగులే.

మే 30

మళ్లీ వెళ్లి చూశాను. చిన్న పగులే. నా వేలు కూడా లోపలికి పోదు. మట్టితో మెత్తి సున్నం కొడితే కనబడదు.

జూన్ 1

శనివారం కాబట్టి సిద్ధార్థ్ నాగేపల్లి నుంచి వచ్చాడు. గ్రామసేవక్ ఉద్యోగం చేసి చేసి ప్రతిదానికీ అర్జీ పెడదాం అంటాడు. గోడ చూశాక మాత్రం అర్జీ మాట ఎత్తలేదు. చేతిలో హెల్మెట్టు అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

"ధర జర తగ్గియ్యమందాం. ఇంకో దర్వాజ పెట్టుకుందాం" అన్నాడు చివరికి.

"నాకు ఇంకో దర్వాజ వద్దు."

"స్వీటీ, కట్టె కట్టెనే."

"మీ అవ్వను అడుగు, కట్టె కట్టెనేనా అని."

"అవ్వకు చెప్పకు. గుండె పగుల్తది."

చెప్పకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. పాపం, ఆమెకు తెలిస్తే తట్టుకోలేదు.

జూన్ 5

ఇంటి అప్పు కోసం అర్జీ పెట్టిన మా టీచర్ల సొసైటీ, శిక్షకుల పతసంస్థ నుంచి ఫోన్. 11న ఇల్లు చూడ్డానికి మనిషి వస్తాడు. ఆయన బాగుందని రాస్తేనే కర్జు. కర్జు వస్తేనే రజిస్ట్రీ.

మేస్త్రీ సమ్మయ్యను పట్టుకున్నాను. మామూలు కర్రతో ఒక దర్వాజ బిగించి పగులు కప్పేయమన్నాను. వచ్చిన మనిషికి ఏం తెలుస్తుంది? సమ్మయ్య తల గోక్కుని సోమవారం వస్తానన్నాడు. నాతో మాట్లాడుతున్నంతసేపూ నేల చూపులే.

జూన్ 7

పగులులోకి ఇప్పుడు వేలు పోతోంది. ఎండకు అలా అవుతుంది. వాన పడితే మట్టి తడిసి మళ్లీ కూడుకుంటుంది.

ఏం రాశానో చదువుకుంటే నవ్వు వస్తోంది. పిల్లలకు విజ్ఞానం పాఠం చెప్పేదాన్ని.

జూన్ 10

రాత్రి వాన కొట్టింది. గోడ పడింది.

జూన్ 11

వచ్చిన మనిషి మంచివాడే. గొడుగు పట్టుకుని అంతా తిరిగి ఫొటోలు తీశాడు. అరుగు మీద మట్టి కుప్ప, పగిలిన పెంకులు, లోపలి అర దాకా వాన నీళ్లు. మరాఠీలో మెల్లగా చెప్పాడు, ముందు గోడే లేని ఇంటికి సంస్థ ఎలా కర్జు ఇస్తుంది మేడం అని. గోడ లేస్తే ఫోన్ చేయమన్నాడు, మళ్లీ వస్తాడట.

ఆయన పోయాక ఆ మట్టి కుప్ప మీద కూర్చుని ఏడ్చాను. ఎదురింటివాళ్లు కిటికీలోంచి చూశారు, చూడనీ. రేపు వర్షంలో మంచాలు ఎక్కడ వేసుకోవాలి? పుస్తెలతాడు లేని మెడతో అమ్మవాళ్లకు ఏం చెప్పాలి? మా వాడలో ప్రతివాళ్లకూ చెప్పుకున్నాను, పాత బజార్ ఇల్లు కొంటున్నామని. నా నోరే నాకు శత్రువు.

జూన్ 12

ఇది రాయకపోతే పిచ్చెక్కుతుంది.

పొద్దున కిషన్‌రావుకు ఫోన్ చేశాను. మీరు దర్వాజ పీకినందుకే గోడ పడింది, మీరే కట్టించాలి, లేదా తేదీ పెంచాలి అన్నాను. ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు.

"తేదీ తేదీనే టీచరమ్మా. ఆ ఇల్లు ఇంకొకలు గూడ అడుగుతున్నరు. అయినా మీకు తెల్వకుంట తీసినమా? మీ అత్తనే గద పసుపు పెట్టి సాగనంపింది. అప్పుడు వద్దనలే, ఇప్పుడు అడుగుతరా?"

"మా అత్తమ్మా? అబద్ధం" అన్నాను.

"సమ్మయ్యను అడుగుండ్రి. ఆయనే దర్వాజ ఊడదీసింది."

సమ్మయ్యను అడగలేదు. నేల చూపులు గుర్తొచ్చాయి. మణికట్టు దాకా పసుపు గుర్తొచ్చింది. మంచి చీర, పాట.

అత్తమ్మ బియ్యం చెరుగుతోంది. "కిషన్‌రావు ఇంటికి పోయినవా?" అన్నాను. చాట ఆగింది.

"దొర్సాని పిలిచింది బిడ్డా."

"ఎందుకు?"

"గడప తీసెటప్పుడు కడిగి పసుపు పెట్టాలె గద. ఆమెకు నడుము వంగుతలేదు. 'ఈపాలి నువ్వే పెట్టు ఆగవ్వా' అన్నది." అత్తమ్మ ముఖం ఎత్తింది. ఆ ముఖంలో భయం లేదు. అదే నా కడుపు మండించింది. "ఇన్నేండ్లల్ల ఆ గడపకు నా చెయ్యి తాకనియ్యలే. ఇల్లు మనదైతంది గద, అందుకే పెట్టనిచ్చిందనుకున్న. మంచిగ పెట్టిన బిడ్డా. బొట్లు గూడ వరుసగ పెట్టిన."

"పెట్టినంక దాన్ని పీక్కపోతుంటే చూసుకుంట నిలబడ్డవా?"

"ఆల్లది ఆల్లు తీస్కపోతున్రు..."

"ఎవలది? ఎవలది అత్తమ్మా? నీ కడియాలు ఇచ్చి కొన్నం గద!"

ఆమె తన ఖాళీ మణికట్టు వైపు చూసుకుంది. అప్పుడు అర్థమైంది, ఆమెకు ఆ ఆలోచనే రాలేదని. వాళ్లు పిలిచారు, ఆమె వెళ్లింది. మన ఇంటిని మన చేతులతోనే సాగనంపి వచ్చి, సంబరంగా పాట పాడుకుంది.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "నీకు పసుపు పెట్టనిస్తే చాలు, ఇల్లు కూలిపోయినా సరే. నీ బతుకంతా గంతే" అన్నాను. కాజల్ బల్ల కింద దాక్కుంది.

జూన్ 13

అత్తమ్మ అన్నం ముట్టలేదు. నేను క్షమాపణ అడగలేదు. నేను అన్నదాంట్లో తప్పేముంది?

సిద్ధార్థ్ ఫోన్లో, "బయానా పోతే పోయింది, వదిలెయ్" అన్నాడు. కాసేపటికి మళ్లీ చేసి తనే ఏడ్చాడు.

జూన్ 14

పొద్దున లేచేసరికి అత్తమ్మ లేదు.

వాడంతా తిరిగాను. నది ఒడ్డుకు పోయాను. నీళ్లు ఎర్రగా పెరుగుతున్నాయి, ఆ నీళ్లను చూడలేక వెనక్కి వచ్చేశాను. ఫోన్ ఇంట్లోనే పెట్టి పోయింది. చెప్పుల జత లేదు. చెప్పులు వేసుకుని పోయిందంటే దూరమే పోయిందని, చెడ్డపని చేసుకునేవాళ్లు చెప్పులు వేసుకోరని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అత్తమ్మా, ఆ మాట అనకూడదు, అనకూడదు. రా. ఇల్లు వద్దు, ఏమీ వద్దు. నువ్వు రా.

సాయంత్రం

వచ్చింది. బస్సు దిగి నడిచి వచ్చింది. కాళ్ల మీద పడబోతే పక్కకు జరిగి, "మంచినీల్లియ్యి" అంది. చెంబెడు తాగింది. అప్పుడు చెప్పింది. జీవితంలో మొదటిసారి ఒక్కతే వంతెన దాటి మంచిర్యాల పోయింది. కిషన్‌రావు ఫ్లాటు ఎక్కడని ఆటోవాళ్లను అడుగుతూ అడుగుతూ.

"బండ్లు పెట్టే జాగల గోడకు ఆనిచ్చి పెట్టిన్రు బిడ్డా మన దర్వాజను. ఆ ఇంటికి అది పట్టదట. లచ్చిమట! లచ్చిమి మీద ఎవలదో స్కూటర్ టైరు." అత్తమ్మ ఖాళీ చెంబు ఒళ్లో పెట్టుకుంది. "గడపను నడిమిట్లకు కోసిన్రు. బండిల పట్టలేదట. నేను పెట్టిన బొట్లు అటు సగం, ఇటు సగం."

"పైకి పోయినవా?"

"పైకెందుకు పోత? గాడనే కూసోని కొంగుతోని తుడిసిన. వాచ్‌మన్ లెవ్వమన్నడు. లేవ, దొరను పిలువు అన్న. ఆ ఇండ్లల్ల ఉండేటోల్లు దిగొచ్చి సుట్టు నిలబడ్డరు. ఎవలీమె, ఏమైంది అని అడుగుతున్రు. దొరకు సిగ్గైంది, ఉరికొచ్చిండు."

"ఏమన్నవ్?"

"పసుపు నేనే పెట్టిన అని నా కోడలితోని అన్నవట గద దొరా. అవ్, నేనే పెట్టిన. సాగనంపింది నేనే. మల్ల తోల్కపొయ్యేది గూడ నేనే అన్న. ఇయ్యకపోతె గీడనే ఉంట, రోజు కడుగుత, పసుపు పెడత, అడిగినోల్లకు చెప్త అన్న."

చెంబు తీసుకుని మళ్లీ నింపి ఇచ్చాను.

"దొర్సాని పైకెల్లి తొంగిచూసి, ఇచ్చెయ్యిండ్రి అన్నది. ఇస్తనన్నడు. గోడ మాత్రం మీరే కట్టుకోండ్రి అన్నడు. తేదీ మారదన్నడు." చెంబు కింద పెట్టింది. "గంతే అడుగ వచ్చింది బిడ్డా నాకు. నా బతుకంతా గంతే."

నా మాట నాకే తిరిగి ఇచ్చింది. కోపంగా కూడా అనలేదు.

జూన్ 16

సిద్ధార్థ్ మూడు సార్లు అన్నాడు, మన పేరు మీద లేని ఇంటికి మనం గోడ కడుతున్నాం, రేపు ఆయన కాదంటే ఇటుకలు కూడా పోతాయి అని. నిజమే. నాకూ తెలుసు. ఇంకేం చేయాలో చెప్పు అన్నాను. అతనూ సమ్మయ్యతో కలిసి మట్టి ఎత్తాడు.

జూన్ 17

వాన.

జూన్ 18

వాన. ఇటుకల ట్రాక్టరు రాలేదు.

జూన్ 19

వాన. పోచన్న వచ్చి గదులు కొలుచుకుని పోయాడు, కొత్త కోడలి మంచం పడుతుందో లేదో అని. మేం అందులో ఉండగానే.

జూన్ 21

తెరిపి ఇచ్చింది. ఇటుకలు వచ్చాయి. కిషన్‌రావు మాట మీద నిలబడ్డాడు, దర్వాజ వ్యానులో వచ్చింది. సమ్మయ్య గడప ముక్కలు రెండూ కలిపి నడుమ ఇనుప పట్టీ వేసి బిగించాడు. "తీసింది నేనే టీచరమ్మా, పెట్టుడు నాకే ఒప్పజెప్పుండ్రి" అని కూలి తీసుకోలేదు. తిడదామని దాచుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి.

జూన్ 24

గోడ లేస్తోంది. కొత్త ఇటుక ఎర్రగా, పక్కన పాత మట్టి గోడ. అందంగా లేదు. అందం ఎవరికి కావాలి? మబ్బు పట్టినప్పుడల్లా బయటికి పోయి ఆకాశాన్ని తిడుతున్నాను.

జూన్ 26

ఆ మనిషి మళ్లీ వచ్చాడు. గోడను చేత్తో తట్టాడు. గడప మీద ఇనుప పట్టీ చూసి ఆగాడు. ఏమీ అడగలేదు. ఫొటో తీసుకుని పోయాడు.

జూన్ 27

కర్జు మంజూరు. రేపే రజిస్ట్రీ. కిషన్‌రావు వస్తాడా?

వస్తాడు. రాకపోతే? వస్తాడు.

జూన్ 28

వచ్చాడు. కార్యాలయంలో అందరం వేలిముద్రలు వేశాం. పోతూ పోతూ అత్తమ్మతో, "ఇగ నీ ఇల్లే ఆగవ్వా" అన్నాడు. అత్తమ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. నాకది నచ్చలేదు. పోనీలే, ఇల్లు మాదైంది.

జూన్ 30

ఇంట్లోకి వచ్చాం.

పొద్దున్నే అత్తమ్మ బకెట్ పట్టుకుని అందరికంటే ముందు వచ్చేసింది. వాకిలి ఊడ్చింది, సాన్పి చల్లింది. నేను చేస్తానన్నా చీపురు ఇవ్వలేదు. గడప కడిగి, పసుపు రాసి, ఇనుప పట్టీ మీద కూడా వదలకుండా బొట్లు పెట్టింది. కాజల్ పాల గిన్నె పట్టుకుని, సిద్ధార్థ్ స్టవ్ మోసుకుని, నేను బియ్యం సంచితో లోపలికి వెళ్లాం. నేను కావాలనే ముందు వెళ్లాను, లోపల నిలబడి ఆమెకు చెయ్యి అందిద్దామని. రెండు నెలలుగా అనుకుంటున్న పని. సంచి కింద పెట్టి వెనక్కి తిరిగి, గడప మీదుగా చెయ్యి చాపాను.

"రా అత్తమ్మా. కుడికాలు."

"ఆ, వస్తన్న, వస్తన్న" అంది. లేచింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. బకెట్ అందుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుంది. నా చెయ్యి అలాగే ఉంది. ఆమె గోడ పక్క సందులోకి తిరిగి, గోడ వెంట నడుచుకుంటూ వెళ్లిపోయింది.

మేం ముగ్గురం లోపల నిలబడ్డాం. కాసేపటికి వెనక దొడ్డి తలుపు కిర్రుమంది. బకెట్ కింద పెట్టిన చప్పుడు. తర్వాత అత్తమ్మ గొంతు, కొత్త ఇంట్లో సంతోషంగా, "పాలు పొంగిచ్చిన్రా బిడ్డా?"

సిద్ధార్థ్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "పొంగిస్తున్నం అత్తమ్మా" అని నేనే గట్టిగా చెప్పాను. పొయ్యి ముట్టించాను. ఏడుపు ఆగలేదు, పొగ అని కాజల్‌కు చెప్పాను. గ్యాస్ స్టవ్‌కు పొగ ఎక్కడిదని అది అడగలేదు.

గోడ కట్టగా మిగిలిన ఇటుకలు అరుగు పక్కనే ఉన్నాయి. సమ్మయ్యకు ఫోన్ చేసి రేపు రమ్మన్నాను. దొడ్డి తలుపు తీసేసి, ఆ సందు ఇటుకలతో మూసేయాలని చెప్పాను. "ఎందుకు టీచరమ్మా, ఆ తలుపు మంచిగనే ఉన్నది గద" అన్నాడు.

ఉండనీ. మూసేయమన్నాను.